గంగాళం కూడా రాయమ్మా

మా మేనమామ ముప్పయ్యేళ్లు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపారు. కొట్టు కొడుక్కి అప్పజెప్పి నరసరావుపేట వచ్చేశాక తగువులు తీర్చే పని నెత్తికెత్తుకున్నారు. పొలం గట్టు దగ్గర్నుంచి మొగుడూ పెళ్లాల గొడవ దాకా ఆయన అరుగెక్కని పంచాయితీ మా వీధిలో లేదు. మా పెద్దమ్మ కూతురు గుంటూరు కోర్టుల్లో లాయరు. మేనమామంటే ప్రాణం పెడుతుంది, ఆయన పంచాయితీలంటే మాత్రం మండిపడుతుంది.

మొన్నొక ఆదివారం అక్క ఇక్కడే ఉండగా వీధి చివరింటాయన వచ్చాడు. నాలుగేళ్ల కిందట కూతుర్ని హైదరాబాద్ సంబంధానికి ఇచ్చాడు. సంక్రాంతికని ఒక్క సూట్‌కేసుతో వచ్చిన పిల్ల మళ్లీ వెళ్లలేదు, ఇక వెళ్లనంటోంది. కాపురం సంగతి తేలిపోయింది, సామాను సంగతే తేలలేదు. నగలు, బీటెక్ ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, తన పేరు మీదున్న స్కూటీ, కుట్టు మిషను, సారెలో పంపిన బీరువా, ఇత్తడి సామాను అన్నీ నిజాంపేట ఫ్లాట్‌లోనే ఉండిపోయాయి. ఆయన కష్టం చెప్పుకుని, పిల్లను పంపిస్తానని లేచి వెళ్లాక మొదలైంది వీళ్లిద్దరికీ. నేను పక్కన కూర్చుని విన్నదే రాస్తున్నాను. వరస మాత్రం కాస్త సర్దాను.

మామయ్య: దీనికి కోర్టెందుకమ్మాయ్? సంబంధం కుదిర్చిన మధ్యవర్తి గట్టోడు. నేనూ ఇంకో ఇద్దరు పెద్దమనుషులూ కారేసుకుని పోతాం. ఎదురెదురుగా కూర్చుని ఇంత మీది, ఇంత మాది అని తేల్చేస్తాం. టాటా ఏస్ బండి మాట్లాడుకుని పొద్దుగూకేలోపు సామాను ఎక్కించుకొస్తాం. నువ్వు కేసేస్తే అది తేలేసరికి ఆ పిల్ల తల నెరుస్తుంది.

అక్క: ఇంత మీది, ఇంత మాది అనుకోడానికి ఇదేమన్నా అన్నదమ్ముల పంపకమా మామయ్యా? ఆ నగల్లో వాళ్లదేముందని తేలుస్తారు?

మామయ్య: ఎందుకు లేదు? నల్లపూసలు అత్తగారు పెట్టిందేగా. వాళ్లు పెట్టింది వాళ్లు అడగరా?

అక్క: అడుగుతారు. ఇవ్వక్కర్లేదు. పెళ్లికి ముందు గానీ, పీటల మీద గానీ, తర్వాత గానీ ఆ పిల్లకని ఎవరు పెట్టినా అది ఆమె స్త్రీధనం. పుట్టింటివాళ్లు పెట్టారా, అత్తింటివాళ్లు పెట్టారా అన్న తేడా లేదు.

మామయ్య: నాలుగేళ్లు ఒకే బీరువాలో, ఒకే తాళం కింద ఉన్నయ్. కలిసి కాపురం చేసిన ఇంట్లో సొత్తు కలిసే ఉంటుంది. ఇప్పుడు గీత గీసి ఇది నాది అంటే ఎట్టా?

అక్క: ఈ మాట మీకంటే ముందే పంజాబ్–హర్యానా హైకోర్టు అంది. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అదీ ఏకగ్రీవంగా కాదు. ఫజల్ అలీ, సబ్యసాచి ముఖర్జీ ఒకవైపు, వరదరాజన్ ఇంకోవైపు. ఆ తర్వాత 1997లో ముగ్గురు జడ్జీల బెంచి కూడా అదే ఖాయం చేసింది. మొగుడి ఇంట్లో పెట్టినంత మాత్రాన స్త్రీధనం ఉమ్మడి సొత్తు అయిపోదు. నమ్మి అప్పగించింది అడిగినప్పుడు ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరం. పాత శిక్షాస్మృతిలో అది 406. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 316. అప్పట్లో మూడేళ్ల దాకా శిక్ష ఉండేది, ఇప్పుడు ఐదేళ్ల దాకా.

మామయ్య: సుప్రీంకోర్టు కంటే ముందు మనకి స్మృతులున్నయ్ లేవే. అవసరానికి పెళ్లాం సొమ్ము మొగుడు వాడుకోవచ్చని యాజ్ఞవల్క్యుడే అన్నాడు.

అక్క: అన్నాడు. కరువొస్తే, ధర్మకార్యం తప్పకపోతే, రోగమొస్తే, చెరలో పడితే. ఫ్లాటు ఈఎంఐ ఆ నాలుగింట్లో లేదు మామయ్యా. ఆ కష్టంలో వాడుకున్నా తిరిగివ్వాల్సిన బాధ్యత మొగుడిదేనని సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

(మామయ్య నవ్వారు. ఓడిపోయే పాయింటు దగ్గర ఆయన ముందు నవ్వుతారు, తర్వాత ఇంకో దారిన వస్తారు. యార్డులో బేరం నేర్పిన అలవాటు.)

మామయ్య: సరే, ఆ పిల్లదే అనుకో. ఎవరిదన్నది కాగితం మీద మాట. సరుకు ఎవరి గోడౌన్‌లో ఉందన్నదే అసలు మాట. సరుకు వాళ్ల దగ్గరుంది. వాళ్లకేం కావాలి? పరస్పర అంగీకారంతో విడాకులకి ఈ పిల్ల సంతకం కావాలి. మనకేం కావాలి? నగలు కావాలి. ఈ చేత్తో సంతకం, ఆ చేత్తో నగలు. ఇంతకంటే న్యాయం ఏముంటుంది?

అక్క: ఇదుగో, ఇక్కడే మీతో నాకు పేచీ. మీ బస్తాలు తన గోడౌన్‌లో పెట్టుకుని, మీ తోటలో వాటా రాసిస్తేనే ఇస్తానని ఎవడన్నా అంటే ఊరుకుంటారా? విడాకులు వేరు, సామాను వేరు. ఆ పిల్ల విడాకులు ఇచ్చినా ఇవ్వకపోయినా, రేపు మనసు మారి కాపురానికి వెళ్లినా, ఆ గాజులు ఆమెవే. తన సొమ్ము తను తీసుకోడానికి వెల కట్టాల్సిన పనేంటి? మీరు ముడి పెట్టగానే వాళ్ల చేతిలో ఉన్న మన సొత్తు కాస్తా వాళ్ల పెట్టుబడి అయిపోతుంది. అక్కణ్నుంచి బేరం కిందకే. నలభై చీరలకి భరణం వదిలేయమంటారు, సర్టిఫికెట్లకి కేసు ఎత్తేయమంటారు. చూశాను కాబట్టి చెబుతున్నా.

మామయ్య: నేనూ చూశా. ముడి పెట్టకుండా అడిగితే "కోర్టులో తేల్చుకోండి" అని తలుపేసుకున్నవాళ్లని చూశా. విడాకుల కేసులో రెండో మోషన్‌కి ముందు సామాను అప్పగింత పెట్టుకోవడం మీ లాయర్లు చేసే పనే కదా? అది ముడి కాదా?

అక్క: చేస్తాం. ఆ మాట ఒప్పుకుంటా. అయితే సంతకం కంటే ముందు సామాను లెక్కపెట్టి తీసుకోమంటాం. సంతకమయ్యాక అడిగితే ఏమవుతుందో మన తెలుగువాళ్ల కేసే ఉంది. 1999లో పెళ్లయింది. అమెరికా వెళ్లారు. 2016లో అక్కడే విడాకులయ్యాయి. ఎవరి వస్తువులేవో అప్పుడే ఒప్పందంలో తేల్చుకున్నారు. 2018లో ఆ అమ్మాయికి మళ్లీ పెళ్లయింది. 2021లో వాళ్ల నాన్న, పెళ్లిలో పెట్టిన బంగారం పాత అత్తామామలు ఇవ్వలేదని తెలంగాణలో కేసు పెట్టాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 ఆగస్టులో కొట్టేశారు.

మామయ్య: ఎందుకు కొట్టేశారు? కొన్నది తండ్రే కదా?

అక్క: కొన్నది తండ్రే. పెట్టేశాక అది కూతురిది. ఆవిడ బతికుంది, చదువుకుంది, అడగాలనుకుంటే తనే అడగగలదు. ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రి అడగడానికి లేదన్నారు. విడాకుల ఒప్పందంలో అన్నీ తేలిపోయాయి కదా, ఇన్నేళ్లకి ఇదేంటని కూడా అన్నారు. అందుకే మన చివరింటాయన ఇందాక "రేపే స్టేషన్‌కి వెళ్లి నా పేరున కంప్లయింట్ ఇస్తా" అంటుంటే ఆపాను. ఆయన పేరున కాదు, పిల్ల పేరున. మొగుడు తిరిగివ్వాల్సింది మామగారికి కాదు, పెళ్లానికి.

(ఈ ముక్క విని మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ముగ్గురు కూతుళ్ల తండ్రి. పెట్టిపోతల లెక్కలన్నీ ఆయన పాత డైరీల్లో ఆయన చేతి రాతతోనే ఉంటాయి. కూతుళ్ల చేతుల్లో లేవు.)

మామయ్య: అయితే లెక్క తీద్దాం. వాళ్ల నాన్న ఇరవై మూడంటున్నాడు.

అక్క: ఇరవై మూడు ఏంటి?

మామయ్య: ఏందంటే... సవర్లు.

అక్క: హైదరాబాద్‌లో ఇరవై మూడంటే తులాలనుకుంటారు. మనకి సవర 8 గ్రాములు, వాళ్లకి తులం 10 గ్రాములు. ఇరవై మూడు సవర్లు 184 గ్రాములు. ఇరవై మూడు తులాలు 230. మీరు ఇరవై మూడని నోటితో అని వస్తారు, వాళ్లు రెండో రోజు "46 గ్రాములు ఎక్కువ చెప్పారు, మిగతాది కూడా అబద్ధమే" అంటారు. కాంటా పట్టుకు బతికినవారు, తూకం లేకుండా సరుకు సంగతి మాట్లాడతారా మామయ్యా?

అంతలో ఆ పిల్లే వచ్చింది, చేతిలో లాంగ్ నోట్‌బుక్కుతో. అక్క పక్కన కూర్చోబెట్టుకుని జాబితా మొదలుపెట్టించింది. వస్తువు, గ్రాములు, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, చివరిసారి ఎక్కడ చూశావు అని అయిదు గళ్లు గీయించింది. "నెక్లెస్" అని ఊరికే రాస్తే ఒప్పుకోలేదు. పెళ్లి ఆల్బమ్‌లో ఏ ఫొటోలో మెడలో ఉందో పక్కన రాయమంది. పెళ్లయ్యాక కొన్న గాజుల బిల్లు పిల్ల ఫోన్‌లో దొరికింది. నగ మీద హాల్‌మార్క్‌తో పాటు ఆరు అంకెలు–అక్షరాల హెచ్‌యూఐడీ నంబరుంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నగ వివరం వస్తుంది. బిల్లు మీద ఆ నంబరుంటే అదీ రాయమంది. వాట్సాప్‌లో ఆడపడుచు పంపిన మెసేజ్ ఒకటి కనబడింది: "వదినా, నీ గొలుసు అమ్మ తీసి లోపల పెట్టింది." అక్క మొహం వెలిగింది. ఫోన్ మార్చొద్దు, మెసేజ్ తీసేయొద్దు, కోర్టులో పెట్టేటప్పుడు సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ జత చేయాలంది.

మామయ్య: ఇంత జాబితా రాస్తే మనమే కట్నం ఇచ్చామని ఒప్పుకున్నట్టు కాదా? ఇచ్చినోడికీ శిక్షేగా. అందుకే ఎవరూ కాగితం మీద పెట్టరు.

అక్క: మంచి ప్రశ్న. ఈ భయంతోనే ఊళ్లకి ఊళ్లు కాగితం లేకుండా పెళ్లిళ్లు చేస్తాయి, తర్వాత నెత్తి కొట్టుకుంటాయి. అడగకుండా ఆచారం కొద్దీ ఇచ్చిన కానుకలు కట్నం కిందకి రావు. జాబితా రాసి సంతకాలు పెట్టి ఉంచుకోవాలని 1985 నుంచే నిబంధనలున్నాయి. పెళ్లి వీడియోకి లక్షలు పోస్తాం గానీ ఆ జాబితా మాత్రం రాయం. ఇక నిజంగా కట్నమే ఇచ్చారనుకోండి. 1961 చట్టంలో సెక్షన్ 6 చూడండి. కట్నం ఎవరు పుచ్చుకున్నా మూడు నెలల్లో దాన్ని ఆ ఆడపిల్లకి అప్పగించాలి. లేదంటే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలో, 5 వేల నుంచి 10 వేల దాకా జరిమానానో, రెండూనో. బాధితురాలు ఇచ్చిన వాంగ్మూలాన్ని పట్టుకుని ఆమె మీదే ఆ చట్టం కింద కేసు పెట్టకూడదని సెక్షన్ 7లో ఉంది.

మామయ్య: అట్టాగని జాబితాలు ఉబ్బించేవాళ్లూ ఉన్నారు. పాతిక సవర్లు పెట్టి యాభై రాయించినవాళ్లు నా అరుగు మీదకే వచ్చారు. రాయించింది మీ లాయర్లే.

అక్క: కాదనను. అలా రాసిన కేసులో ఉన్న పాతిక కూడా పోతుంది. అందుకే ఈ పిల్లకి గుర్తులేని ఉంగరం నేను రాయించలేదు, చూశారుగా.

(చూశాను. పిల్ల "ఇంకో ఉంగరం కూడా ఉన్నట్టుంది" అంటే, "ఉన్నట్టుంది అయితే వద్దు" అంది అక్క.)

మామయ్య: ఇంతకీ నువ్వు వేసే కేసేంటి? ఆ 316ఏనా?

అక్క: అది రెండోది. 316 మనిషిని బోనులో నిలబెడుతుంది. మనకి ముందు వస్తువులు కావాలి. దానికి డీవీసీ, గృహహింస కేసు.

మామయ్య: కొట్టలేదు, తిట్టలేదు, గృహహింస ఏంది?

అక్క: ఆమె సొత్తు ఆమెకి అందకుండా చేయడం కూడా ఆ చట్టంలో హింసే, ఆర్థిక హింస. 2005 చట్టం సెక్షన్ 19(8) కింద స్త్రీధనం, ఇంకా ఆమెకి చెందిన వస్తువులేవైనా తిరిగివ్వమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. సెక్షన్ 18 కింద బ్యాంకు లాకర్ తెరవకుండా, నగలు అమ్మకుండా ఆపొచ్చు. ఆర్డరు తప్పితే ఏడాది దాకా జైలు, లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకోటి, హైదరాబాద్ పరిగెత్తక్కర్లేదు. ఆమె ఇప్పుడు ఇక్కడుంటోంది కాబట్టి ఇక్కడి మేజిస్ట్రేట్ కోర్టులోనే వేయొచ్చు. ప్రొటెక్షన్ ఆఫీసరు ఉంటారు. మేజిస్ట్రేట్ రాతపూర్వకంగా చెబితే నగలూ బట్టలూ ఇప్పించే పని కూడా ఆ ఆఫీసరుదే. లాయరు ఫీజుకి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేయొచ్చు. ఆడవాళ్లకి న్యాయసేవాధికార సంస్థలు ఆదాయం చూడకుండానే ఉచితంగా లాయర్ని ఇస్తాయి.

మామయ్య: ఎన్నాళ్లకి?

అక్క: చట్టంలో అరవై రోజులని ఉంది.

మామయ్య: చట్టంలో ఉన్నది కాదు, నువ్వు చూసింది చెప్పు.

అక్క: అరవై రోజుల్లో తేలింది నేను ఒక్కటీ చూడలేదు. మధ్యంతర ఆర్డరు మాత్రం తొందరగా వస్తుంది, గట్టిగా అడిగితే.

మామయ్య: ఇదే నేను చెప్పేది! మొన్నెప్పుడో నువ్వే చెప్పావు, కేరళలో ఎవరికో 89 సవర్ల కేసు. పెళ్లెప్పుడు?

అక్క: 2003లో. మొదటి రాత్రే జాగ్రత్త చేస్తానని మొగుడు నగలన్నీ తీసుకుని వాళ్లమ్మకి ఇచ్చాడు. అవి వాళ్ల అప్పులకి పోయాయి. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 25 లక్షలు ఇవ్వమంది.

మామయ్య: ఇరవై ఒక్కేళ్లు! పెళ్లినాడు పుట్టిన పిల్ల పెళ్లికి ఎదిగొస్తుంది. చేతికొచ్చింది నగలా? డబ్బులు. అదీ సుప్రీంకోర్టు దాకా పోతే. నేను ఒక్క పూటలో తెచ్చే బీరువా నీ ఇరవై ఒక్కేళ్ల తీర్పు కంటే మేలు కాదా?

అక్క దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పింది కూడా పూర్తి జవాబు కాదని నాకనిపించింది. ఆ తీర్పులో పనికొచ్చే మాట ఇంకొకటుంది అంది. సివిల్ వివాదంలో హత్య కేసులా అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు, ఎవరి మాట నమ్మదగ్గదిగా ఉందో చూస్తే చాలని కోర్టు చెప్పిందట. నిజమే, కానీ మామయ్య అడిగింది రుజువు గురించి కాదు, కాలం గురించి. మన కోర్టుల ఆలస్యానికి లాయర్లు వంద సమర్థనలు చెబుతారు. అందులో ఒక్కటీ పుట్టింట్లో ఒక్క సూట్‌కేసుతో కూర్చున్న పిల్లకి పనికిరాదు.

మామయ్య: మాటతో ఇవ్వకపోతే ఇంకో దారుంది. కొట్టులో హమాలీలు నలుగుర్ని తీసుకుపోతా. మన సొత్తు మనం తెచ్చుకుంటే దొంగతనం అవదుగా?

అక్క: దొంగతనం అవదు. మీరనుకున్న దానికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉంది. గడియారం బాగుచేయమని ఒకడు కొట్టులో ఇస్తాడు. కొట్టువాడికి బాకీ ఏమీ లేదు. అయినా వీడు కొట్టులో జొరబడి వాడి చేతిలోంచి గడియారం లాక్కుపోతాడు. దొంగతనం కాదు, ఎందుకంటే వస్తువు వీడిదే. కానీ అక్రమ ప్రవేశం, దౌర్జన్యం అవ్వొచ్చని కూడా అక్కడే రాసుంది. హమాలీలతో వెళ్లారంటే నా కేసు పక్కన మీ కేసు ఒకటి చూసుకోవాలి. మేనల్లుడు ఎటూ రాసుకుంటున్నాడు, సాక్ష్యం కూడా ఉంటుంది.

మామయ్య: నాలుగేళ్లు అయిపోయిందిగా, గడువు దాటిపోయిందంటారేమో?

అక్క: అనేవాళ్లున్నారు. ఒకావిడ, కోర్టు విడిగా ఉండమని డిక్రీ ఇచ్చాక స్త్రీధనం కోసం డీవీసీ వేసింది. కింది కోర్టులు గడువు దాటిందన్నాయి. తిరిగివ్వనంత కాలం ఆ తప్పు సాగుతూనే ఉంటుందని 2015లో సుప్రీంకోర్టు ఆమెకి దారిచ్చింది. అలాగని నిద్రపోకూడదు. సివిల్ దావా అయితే మూడేళ్ల గడువుంటుంది. ఎప్పటి నుంచి మూడేళ్లన్న దాని మీదే సగం వాదన జరుగుతుంది.

పిల్ల జాబితాలో ముప్పై ఏడు దాకా వచ్చి పెన్ను మూసింది. అక్క ఇంకేం లేవా అంది. ఇత్తడి గంగాళం ఒకటుందిగానీ అది పాతది, అమ్మమ్మది, ఒక కడియం ఊడిపోతే తాడు కట్టారు, అమ్మితే ఏం వస్తుంది అంది పిల్ల.

అక్క: అంచు మీద పేరుందా?

ఆ పిల్ల: ఉందక్కా. అమ్మమ్మ ఇంటిపేరు, ఆమె పేరు పొడి అక్షరాలూ చెక్కించారు.

అక్క: గంగాళం కూడా రాయమ్మా. పేరు చెక్కిన దానికి బిల్లెందుకు? ఫ్రిజ్ పోతే డబ్బులిస్తే సరిపోతుంది. డబ్బులిచ్చినా పూడని వస్తువు ఉంటే దాన్నే తెచ్చిమ్మని కోర్టు చెప్పే వీలు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలో ఉంది, సెక్షన్ 8. పాస్‌పోర్టు కూడా ఆ పేజీలోనే రాయి. అది చట్ట ప్రకారం కేంద్ర ప్రభుత్వ సొత్తు, దాచుకునే హక్కు మీ ఆయనకెక్కడిది?

(ఇక్కడ నేను ఒక మాట అడ్డుపడ్డాను: పెళ్లి చేసుకోకుండా కలిసుండి విడిపోయేవాళ్ల సంగతేంటని. మామయ్య మొహం తిప్పుకున్నారు. అక్క క్లుప్తంగా చెప్పింది. పెళ్లి లాంటి సంబంధమైతే ఆడపిల్లకి డీవీసీ దారి ఉంది, వారాంతాల్లో కలిసి తిరగడం ఆ లెక్కలోకి రాదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మగపిల్లాడికి డీవీసీ లేదు. పెళ్లైనవాడైతే ఫ్యామిలీ కోర్టులో తన వస్తువుల కోసం దావా వేయొచ్చు, కానివాడికి లాయరు నోటీసు, మామూలు సివిల్ కోర్టు. బిల్లు ఎవరి పేరున ఉంది, బండి ఆర్‌సీ ఎవరి పేరున ఉంది అన్నదే అక్కడ చూస్తారు. ఇష్టపడి చేతికిచ్చిన కానుక మాత్రం విడిపోయాక తిరిగి అడగడానికి ఉండదు.)

మామయ్య: సరే, ఇద్దరి మాటా కాకుండా ఒకటి చెప్పు. నా పంచాయితీ కాగితం చెల్లుతుందా, చెల్లదా?

అక్క: మీరు రాయించే తెల్లకాగితం ఒప్పుకోలుగా పనికొస్తుంది, అమలు చేయించడానికి పనికిరాదు. అదే రాజీ లోక్ అదాలత్‌లో రాయించారనుకోండి, కోర్టు డిక్రీతో సమానం, అప్పీలుండదు. కేసు వేయకముందే న్యాయసేవాధికార సంస్థలో పెట్టుకోవచ్చు. మీరు ఎటూ పెద్దమనిషిగా కూర్చుంటారు, ఆ కూర్చునేదేదో అక్కడ కూర్చోండి.

మామయ్య: వాళ్లు రావాలిగా.

అక్క: రావాలి.

మామయ్య: రారు. ముందు నేను పోతా. నీ నోటీసు నాకంటే రెండ్రోజులు ముందు చేరేట్టు స్పీడ్ పోస్టులో పంపు. బలం నోటీసుది, మాట నాది.

అక్క: సంతకం ఊసెత్తొద్దు.

మామయ్య: నేనెత్తను. వాళ్లే ఎత్తుతారు.

అలాగే జరిగింది. మామయ్య వెళ్లి సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, బట్టలు, కుట్టు మిషను, బీరువా తెచ్చారు. స్కూటీ కూడా అదే బండిలో ఎక్కించారు. యార్డు అలవాటు కొద్దీ ప్రతి వస్తువుకీ టిక్కు పెట్టి, రెండు ప్రతులు రాసి, ఇరువైపులా సంతకాలు తీసుకున్నారు. నగలు మాత్రం ఇవ్వలేదు. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టిన రోజు ఇస్తామన్నారు. మామయ్య వాదించలేదు. "నగలు కరిగించేశారేమోనని ఇంట్లో ఆడాళ్లు ఏడుస్తున్నారు బావగారూ, భద్రంగా ఉన్నాయని ఒక్క ముక్క రాసివ్వండి, చూపించి ఊరుకోబెడతా" అన్నారట. పెళ్లికొడుకు తండ్రి రశీదు అడుగున తన చేతిరాతతో రాశాడు: జాబితా ప్రకారం నగలు 184 గ్రాములు మా లాకర్‌లో ఉన్నవి.

అక్క నరసరావుపేటలో డీవీసీ వేసింది. లాకర్ తెరవకుండా మధ్యంతర ఆర్డరు అడిగింది. పిటిషన్‌కు జత చేసిన పత్రాల్లో మొదటిది మామయ్య తెచ్చిన ఆ రశీదే. గంగాళం సంగతి ఎవరూ ఎరగమన్నారు. జాబితాలో అది 38వ నంబరు, ఇంకా రాలేదు.